ఐదు శాతం అని వేసి పడేశాను

2047లో భారతదేశం ఎంత గ్యాస్ వాడుతుందో నాకు తెలుసని కొంతకాలం గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. రంగురంగుల గీతలు గీసి, దశాంశాలతో సహా అంకెలు వేసి, పెద్దపెద్దవాళ్ల ముందు నిలబడి చదివి వినిపించాను. ఆ ఏడాదే మా నాయన మా ఊరు తలుపుల నుంచి ఫోన్ చేసి, "శెనక్కాయ ఇప్పుడే ఇత్తేదా, ఇంకో పదునుకు సూసేదా?" అని అడిగితే, "నాకేం తెలుసు నాయనా, వాన సంగతి ఎవరు చెప్పగలరు?" అన్నాను. వచ్చే వారం ముచ్చట చెప్పలేనివాడు ఇరవై ఏళ్ల తర్వాతి ముచ్చట ఎట్లా చెబుతున్నాడన్న అనుమానం ఆయనకు వచ్చే ఉంటుంది. నాకు మాత్రం రాలేదు.

గ్యాస్ అంటే వంటగ్యాస్ కాదు. ఫ్రిజ్జుల్లో, ఏసీల్లో, కార్లలో, పాలకేంద్రాల్లో రాగి గొట్టాల లోపల తిరుగుతూ లోపలి వేడిని బయటికి మోసుకుపోయే గ్యాస్. ఈ తేడా మా ఊళ్లో చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. పండక్కి ఇంటికి పోతే ఎదురింటి అవ్వ వాకిట్లోనే పట్టుకుంది. "గ్యాసాఫీసులో పనంట కదప్పా నీకి. మా సిలిండరు రాక శానా దినాలాయ. రోంత చెప్పరాదా?" అంది. నా పని వేరవ్వా, ముందుముందు గ్యాస్ ఎంత వాడతారో అంచనా కడతానని వివరించబోయాను. "ఇప్పుడుండేదే ఇయ్యలేరు, ముందర్ది ఎందుకప్పా?" అని లోపలికి పోయింది. అప్పుడు నవ్వుకున్నాను. నవ్వాల్సింది ఆమె.

నా ఉద్యోగం బెంగళూరులో. వాతావరణ చట్టాలు బిగిసేకొద్దీ ఈ గ్యాసుల వాడకం ఎట్లా మారుతుందో లెక్కకట్టాలి. దానికి మోడలింగ్ అని పేరు. ఎక్సెల్ షీటు తెరిచి, ఎడమవైపు యంత్రాల పేర్లు, పైన సంవత్సరాలు వేసుకుని, మధ్య గడుల్లో గుణించుకుంటూ పోవడాన్ని అంత గౌరవంగా పిలుచుకుంటాం.

చట్టం సంగతి కాస్త చెప్పుకోవాలి. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ గ్యాసులను సాగనంపింది. భారత్ 1992లో అందులో చేరింది. 2010 నాటికి మన దేశంలో వాటి వాడకం దాదాపు ముగిసింది. వాటి చోటులోకి వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీలు ఓజోన్‌కు తక్కువ హాని చేస్తాయి గానీ చేయకుండా ఉండవు. మన మెకానిక్కులకు కొట్టిన పిండి అయిన ఆర్-22 ఈ జాతిదే. దీనికి 2030 గడువు. పాత యంత్రాల మరమ్మతు కోసం ఆ తర్వాత పదేళ్లు కొద్దిగా వదులు. వీటి తర్వాత వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోవు. అయితే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ను వందల, వేల రెట్లు మించిపోతాయి.

వీటికి కళ్లెం వేసింది 2016 అక్టోబర్ 15న రువాండా రాజధాని కిగాలిలో ఒప్పుకున్న సవరణ. భారత్ 2021 సెప్టెంబర్‌లో దానికి ఆమోదం తెలిపింది. మనకు పెట్టిన మెట్లు ఇవి. 2024, 2025, 2026 సంవత్సరాల సగటు వాడకానికి హెచ్‌సీఎఫ్‌సీల పాత లెక్కలో 65 శాతం కలిపితే వచ్చేది పునాది. 2028లో ఆ పునాది దగ్గర ఆగాలి. 2032కు 10 శాతం, 2037కు 20, 2042కు 30 తగ్గాలి. 2047కు, అంటే స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్లయ్యేసరికి, ఏకంగా 85 శాతం తగ్గాలి. ఒక పిల్లాడు ఐదో తరగతి దాకా మెల్లగా చదివి ఆరో ఏడు పీహెచ్‌డీ రాస్తానన్నా నమ్మేవాళ్లుంటారు గానీ, ఆ చివరి మెట్టు ఎట్లా ఎక్కుతామో ఎవరికీ సరిగ్గా అంతుపట్టదు. నాకు అంతుపట్టిందనుకున్నాను.

మొదట కిలోల దగ్గర పప్పులో కాలేశాను. 2019 మార్చిలో కేంద్రం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ విడుదల చేసింది. దేశంలో నూటికి ఎనిమిది ఇళ్లకే ఏసీ ఉందని, 2037-38 నాటికి చల్లదనం అవసరం మొత్తమ్మీద ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుందని అందులో ఉంది. ఇంకేం కావాలి? ఎనిమిదితో గుణించాను. గీత ఆకాశానికి పోయింది. 2032 రాకముందే దేశం మాట తప్పుతుందని ఎర్ర అక్షరాల్లో శీర్షిక పెట్టి, సంచలనం చేయబోతున్నానన్న ఊపులో రాత్రి నిద్ర కూడా పోలేదు.

తెల్లారి మా పైఅధికారి ఆ కాగితం చూసి ఒకే మాట అడిగింది. "ఈ గీత కిలోలదా, కార్బన్‌దా?"

కిగాలి తక్కెడలో వేసేది గ్యాస్ బరువును కాదు, ఆ గ్యాస్ తెచ్చే వేడిని. ఏసీల్లో బాగా వాడిన ఆర్-410ఎ అనేది ఆర్-32, ఆర్-125 అనే రెండు గ్యాసుల సగం సగం మిశ్రమం. నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు ఆర్-32 వేడి 675 రెట్లు, ఆర్-125 వేడి 3,500 రెట్లు. రెండూ కలిపి సగం చేస్తే 2,088. ఇప్పుడు దుకాణాల్లో వరస కట్టి కనిపించే కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉన్నది ఒట్టి ఆర్-32. అంటే ఒక పాత రకం ఏసీ చోటులో మూడు కొత్తవి పెట్టినా కార్బన్ లెక్క ఇంచుమించు కదలదు. ప్రొపేన్, అదే ఆర్-290 పెడితే వేడి సుమారు మూడు రెట్లే. మన దేశంలోనే 2012 నుంచి ఆ గ్యాస్‌తో ఏసీలు అమ్ముతున్నారు. ఇదంతా నాకు తెలియక కాదు, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. పెద్ద అంకె కనబడగానే కళ్లు నెత్తికెక్కాయి, అంతే.

ఆ తర్వాత హిందూపురం. మా జిల్లా లెక్క విడిగా తీద్దామన్న బుద్ధి పుట్టింది. సొంత ఊరి మీద ప్రేమో, గొప్ప చూపించుకోవాలన్న యావో చెప్పలేను. హిందూపురం చింతపండు మార్కెట్ పేరున్నది. ఆ చింతపండు నల్లబడకుండా కోల్డ్ స్టోరేజీల్లో దాస్తారు. పెద్ద గదులు, పెద్ద యంత్రాలు, కాబట్టి గ్యాస్ కూడా దండిగా ఉంటుందని, అందులోనూ హెచ్‌ఎఫ్‌సీల్లో ఘనాపాఠీ అయిన ఆర్-404ఎ ఉంటుందని ఊహించి, దాని 3,922 రెట్లతో గుణించాను. హిందూపురం ఒక్కటే పర్యావరణాన్ని ముంచేసేలా కనబడింది.

ఆ అంకెలు పట్టుకుని ఒక కోల్డ్ స్టోరేజీకి పోయాను. యంత్రాల గది తలుపు దగ్గరికి పోగానే ముక్కు పగిలింది. కళ్లలో నీళ్లు. అమోనియా! అక్కడి ఆపరేటర్ నన్ను బయటికి లాగి, "వాసనొచ్చే యెనిక్కి రావల్ల సార్. చదువుకున్నోళ్లు మీరే లోపలికి పోతే ఎట్ల?" అన్నాడు. ఈ దేశంలో బంగాళాదుంపల నుంచి గుంటూరు మిర్చి దాకా దాచే పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో ఎక్కువ భాగం నడిచేది అమోనియాతోనే. దాని వేడి లెక్క సున్నా. సున్నా రావాల్సిన గడిలో నేను 3,922 వేశాను.

ఇక్కడ చిన్న ఓదార్పు ఉంది. అమోనియా లాంటి ఘాటైన, ప్రమాదకరమైన గ్యాసుల బెడద తప్పించడానికే 1920ల చివర్లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం సీఎఫ్‌సీలను ముందుకు తెచ్చింది. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో ఆయన ఆ గ్యాస్‌ను గుండెల నిండా పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు, ఇంక భయమెందుకు అన్నాడు. అదే ఓజోన్‌కు చిల్లు పెట్టింది. పెట్రోలులో సీసం కలిపించిందీ ఆయనే. అంతటివాడు అంత పొరపాటు పడ్డాక నాబోటిగాడిది ఎంత అని సర్దిచెప్పుకోబోయాను. కానీ మిడ్జ్‌లీ కాలంలో ఆ గ్యాస్ ఓజోన్‌ను తినేస్తుందన్న సంగతి ఎవరికీ తెలియదు. హిందూపురం అమోనియా సంగతి ఆ ఊళ్లో ఆటోవాడికి కూడా తెలుసు.

పెనుకొండలో ఇంకా తెలివి చూపించాను. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2023 జులైలో అక్కడ పది లక్షలవ కారు బయటికి వచ్చింది. అక్కడి కార్లు చాలా దేశాలకు ఎగుమతి అవుతాయి. మన దేశంలో కార్ల ఏసీలకు ఎక్కువగా వాడే గ్యాస్ ఆర్-134ఎ, వేడి 1,430 రెట్లు. కారుకు అర కిలో చొప్పున వేసుకుంటే లక్ష కార్లకు 50 టన్నుల గ్యాస్, కార్బన్ లెక్కన 71,500 టన్నులు. సరే. అయితే ఎగుమతయ్యే కార్లలోని గ్యాస్ మనదెట్లా అవుతుంది? అది కొనుక్కున్న దేశానిది కదా? అట్లా అనుకుని ఎగుమతి కార్ల గ్యాస్ మొత్తం మన ఖాతాలోంచి తీసేశాను. ఇంత సూక్ష్మం ఎవరికి తడుతుందని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఒప్పందం మాట వేరు. వాడకం అంటే దేశంలో తయారైన గ్యాస్, దానికి దిగుమతి కలిపి, ఎగుమతి తీసేయగా మిగిలేది. ఆ ఎగుమతి సిలిండర్లలో, ట్యాంకర్లలో పోయే గ్యాస్‌కే వర్తిస్తుంది. యంత్రం కడుపులో పోయే గ్యాస్ లెక్కలోకి రాదు. కాబట్టి పెనుకొండలో నింపిన గ్యాస్, ఆ కారు ఏ దేశంలో ఎవరిని చల్లబరిచినా, భారతదేశం ఖాతాలోనే ఉంటుంది. అట్లాగే పరాయి దేశంలో గ్యాస్ నింపుకొచ్చిన ఏసీ ఇక్కడికి దిగితే, అది మన ఖాతాలో పడదు. నేను ఉల్టాగా రాశాను. ఒప్పందంలో ఆ నిర్వచనం మొదటి పేజీల్లోనే ఉంటుంది. చదవలేదు. చదవకుండానే సరిదిద్దాను.

ఇవన్నీ పైపై తప్పులు. ఒకరు ఎత్తి చూపారు, నేను దిద్దుకున్నాను, షీటు బాగుపడింది. అసలు తెలివితక్కువతనం ఎవరికీ కనబడని గడిలో ఉంది. దాన్ని బెంగళూరులో అందరూ చూశారు, అందరూ తల ఊపారు. ఆ గడి పేరు ఏటా లీకు. అందులో నేను వేసిన అంకె 5 శాతం.

ఆ అంకె నేనేమీ గాలిలోంచి తీయలేదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో ఇళ్లలో, దుకాణాల్లో ఉండే ఏసీల నుంచి ఏడాదికి కారిపోయే గ్యాస్ 1 నుంచి 10 శాతం దాకా ఉండొచ్చని ఉంది. ఒకటికి, పదికి నడుమ ఎటు చూసినా ఐదు మర్యాదగా కనిపించింది. వేసి పడేశాను. ఆ తేడా ఎంతో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. కిలో గ్యాస్ పట్టే ఏసీని పదేళ్లు నడిపి, పోయిందాన్ని ఎప్పటికప్పుడు నింపుతూ వస్తే, 1 శాతం లీకైతే మొత్తం 100 గ్రాములు. 10 శాతమైతే ఇంకో పూర్తి కిలో. అంటే ఒక ఏసీ రెండు ఏసీల గ్యాస్ తాగుతుంది. పైగా కిలో ఆర్-410ఎ గాలిలో కలవడమంటే సుమారు 900 లీటర్ల పెట్రోలు కాల్చినంత. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద అంత పెట్రోలుతో భూమి చుట్టూ తిరిగిరావచ్చు.

అనంతపురం వేరుశనగ రైతుకు ఇట్లాంటి సగటు అంకె చేసే అన్యాయం కొత్త కాదు. వాతావరణ బీమాలో మండలానికంతా ఒకచోట పెట్టిన వానకొలతే ఆ మండలం వాన. ఆఫీసు మీద కురిస్తే కొండవతల ఎండిన చేనుకు కూడా కురిసినట్టే. ఆ లెక్కను తిట్టుకుంటూ పెరిగినవాణ్ణి నేను. అదే లెక్కను దేశంలో ఉన్న ఏసీలన్నింటికీ కట్టాను.

ఈ లీకు చరిత్రలో మన తెలుగు గడ్డకు ఒక వాటా ఉంది. వీరభద్రన్ రామనాథన్ అనే తమిళ యువకుడు 1960లలో ఇంజనీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో ఒక ఫ్రిజ్జుల కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. ఫ్రిజ్జుల్లోంచి గ్యాస్ ఎందుకు కారిపోతుందో కనిపెట్టడం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్లి శాస్త్రవేత్త అయ్యాడు. 1975లో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసంతోనే సీఎఫ్‌సీలు భూమిని వేడెక్కిస్తాయని, వాటి అణువు ఒక్కటి కార్బన్ డయాక్సైడ్ అణువులు పదివేలకు పైగా చేసే పని చేస్తుందని లోకానికి తెలిసింది. ఈ కథ నేను మా ప్రెజెంటేషన్ మొదటి స్లైడులో పెట్టుకునేవాణ్ణి. చెప్పినప్పుడల్లా చప్పట్లు పడేవి. సికింద్రాబాద్‌లో ఆయన్ను పీడించిన ప్రశ్నను మాత్రం రెండో స్లైడులో 5 శాతం అని తేల్చేసి ముందుకు పోయేవాణ్ణి.

మా మేనమామకు కదిరిలో ఫ్రిజ్, ఏసీ రిపేరు షాపుంది. కదిరి నుంచి పులివెందుల దారిలో తలుపుల, చుట్టుపక్కల పల్లెలు, ఇటు ఎన్.పి.కుంట దాకా ఆయన ఇలాకా. నా మోడల్ ఆయనకు చూపించాలని ఒక ఎండాకాలం లాప్‌టాప్ పట్టుకుని షాపుకు పోయాను. ఆయన సలహా కోసం అని చెప్పాను గానీ, మేనల్లుడు ఎంతటివాడయ్యాడో చూపించుకోవడానికే.

మామ కళ్లద్దాలు పెట్టుకుని షీటంతా ఓపిగ్గా చూశాడు. ఒక వరస దగ్గర వేలు పెట్టి, "ఈడ పది అని ఉండాదే, ఏంది?" అన్నాడు.

"ఏసీ ఆయుష్షు మామా. పదేళ్లకు పాతదైపోతుంది. తీసేసి కొత్తది కొంటారు."

"వాటికెవురు చెప్పిరి?"

"ఎవరికి?"

"ఏసీలకు. పదేండ్లకు సావల్లని."

నన్ను బండెక్కించుకుని తలుపుల బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ దుకాణానికి తీసుకుపోయాడు. గోడకు తగిలించిన ఏసీ మీద బెంగళూరులో ఏదో ఆఫీసు అతికించిన నంబరు చీటీ ఇంకా ఉంది. ఆఫీసువాళ్లు తీసి పారేస్తే సెకండ్‌హ్యాండ్‌లో ఇక్కడికి దిగింది. లోపల ఆర్-22. నా షీటులో ఆ యంత్రం ఎప్పుడో చచ్చి, దాని చోటులో ఆర్-32 ఏసీ పుట్టి, దేశం కొంచెం చల్లబడింది. తలుపులలో అది గుర్రుమంటూ నడుస్తోంది. 2030 తర్వాత దీనికి గ్యాస్ ఎక్కడ దొరుకుతుంది మామా అంటే, "పన్నెండు నంబరు గ్యాస్ నిలిపేస్తామన్నప్పుడు కూడా ఇట్లే బెదిరిచ్చిరి. అప్పుడు సూద్దాంలే" అన్నాడు. ఆర్-12ను ఆయన అట్లా అంటాడు.

ఆ పూటే ఇంకో ఇంటికి పోయాం. కొడుకు కువైట్ నుంచి డబ్బు పంపితే పోయిన ఎండాకాలం కొన్న కొత్త ఏసీ. గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు. మామ మిద్దెక్కి బయటి యూనిట్ దగ్గర కూర్చుని, రాగి గొట్టం యంత్రంలోకి దూరేచోట ఇత్తడి నట్టుకు సబ్బు నురగ రాశాడు. చిన్నచిన్న బుడగలు. నట్టు విప్పి నా చేతిలో పెట్టాడు. గొట్టం మూతిని గొడుగులా విప్పారించి కూర్చోబెట్టాలి. అదే ఫ్లేర్. ఆ మూతి అంచున వెంట్రుకంత చీలిక.

"సీజన్లో దినానికి ఎన్నో బిగించల్ల. ఫ్లేర్ సరిగ్గా తీసేంత తీరిక యాడిది? బిర్రుగా బిగిస్తే ఐపోతాదనుకుంటారు పిల్లోళ్లు. బిర్రు ఎక్కువైతేనే పగుల్తాది."

లోపలి గాలిని లాగేయడానికి వ్యాక్యూమ్ పంపు పెట్టాలి కదా అన్నాను. పుస్తకం చదివినవాణ్ణి మరి. మామ నవ్వాడు. ఆ పంపు మోసుకుని మిద్దెలెక్కడం కష్టమని, బిగించేవాళ్లు చాలామంది యంత్రంలో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి, దాంతోనే గాలిని బయటికి తోలేస్తారని చెప్పాడు. అంటే ఏసీ ఒక్కసారి కూడా ఆన్ కాకముందే కొంత గ్యాస్ ఆకాశానికి పోతుంది. నా షీటులో దానికి గడి లేదు.

ఆయన కొత్త ఫ్లేర్ తీసి, బిగించి, సిలిండరు తగిలించి గ్యాస్ పట్టాడు. ఒక చేత్తో లావు గొట్టాన్ని తడుముతూ, ఇంకో చేత్తో కరెంటు కొలిచే క్లాంప్ మీటరు చూస్తూ, గొట్టానికి చెమట పట్టేదాకా ఆగి వాల్వు కట్టేశాడు.

"ఎంత పట్టావు మామా?"

"సల్లబడేంత."

"గ్రాముల్లో?"

"గ్రాములు నాకు తెల్దు అల్లుడా. సల్లదనం తెలుసు."

పడిపోయిన ఓల్టేజీకి కంప్రెసర్ కాలిపోయిన యంత్రాలు వారానికి ఎన్ని వస్తాయో, ఒక్కో కంప్రెసర్ మార్చినప్పుడు లోపలున్న గ్యాసంతా ఏం చేస్తారో కూడా అడిగాను. పాత గ్యాస్ పట్టి దాచే మిషను ఉంటుంది, దాంతో తీసి శుద్ధి చేసి మళ్లీ వాడొచ్చు, అట్లా వాడిన గ్యాస్ ఒప్పందం లెక్కలో మళ్లీ పడదు కూడా అని ఉత్సాహంగా చెప్పాను. మామ శ్రద్ధగా విన్నాడు. "పట్టుకోని యాడికి తీస్కపోవల్ల? కొనేవాడు ఎవుడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా మోడల్‌లో మాత్రం పాత గ్యాస్‌లో 20 శాతం తిరిగి వాడకంలోకి వస్తుందని ధీమాగా రాసి ఉంది.

బెంగళూరు వచ్చాక 5 శాతం గడిని కొట్టేసి, 1 నుంచి 10 దాకా అన్ని అంకెలతో షీటు నడిపించాను. ఏసీల ఆయుష్షును సాగదీశాను. తిరిగి వాడకాన్ని సున్నా దాకా దించి చూశాను. 2028 దగ్గర సన్నగా ఉన్న గీత పోనుపోను వెడల్పవుతూ 2047కు పోయేసరికి చేను గట్టంత పట్టీ అయింది. దాని పైఅంచున దేశం ఒప్పందాన్ని తప్పుతుంది, కింది అంచున హాయిగా గట్టెక్కుతుంది. ఏ అంచుకు పోతామన్నది కొత్తగా అమ్మే ఏసీల కన్నా, నడుస్తున్న ఏసీల్లో పోసే గ్యాస్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. కేంద్రం కూలింగ్ ప్లాన్‌లోనే లక్షమంది మెకానిక్కులకు 2022-23 నాటికి శిక్షణ ఇవ్వాలని ఒక లక్ష్యం పెట్టుకున్నారు. అది చదివినప్పుడు సంక్షేమ పథకం కాబోలనుకుని పేజీ తిప్పేశాను. ఆ పుస్తకంలో గ్యాస్ లెక్కకు అన్నిటికన్నా దగ్గరి మాట అదే.

ఆ వెడల్పు పట్టీని పట్టుకుపోతే క్లయింటు ఒప్పుకోలేదు. "ఇంత వెడల్పైతే మేమేం నిర్ణయించాలి? మధ్య గీత ఒక్కటి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. ఆ మధ్య గీత ఏ లీకు దగ్గర వచ్చిందో చెప్పనక్కర్లేదు. నివేదికలో అదే అచ్చయింది, కింద నా పేరుతో.

ఇంత జరిగాక కూడా బుద్ధి వచ్చిందని చెప్పుకోలేను. తప్పంతా గ్రాములు తెలియకపోవడంలో ఉందని తీర్మానించుకుని, గ్యాస్ సిలిండరు కింద పెట్టి తూచే డిజిటల్ కాటా ఒకటి కొని మామకు పంపాను. వాడటం ఎట్లాగో వీడియో కూడా తీసి పంపాను. తర్వాత ఇంటికి పోయినప్పుడు చూస్తే దాని మీద మా అత్త చింతపండు తూస్తోంది. "శానా కరెట్టుగా చూపిస్తాదప్పా" అని మెచ్చుకుంది.

మామను నిష్ఠూరమాడాను. ఆయన కోప్పడలేదు. విడమరిచి చెప్పాడు. గిరాకీ ఇచ్చేది గ్యాస్ ఫుల్లుకు ఇంత అని ఒకే రేటు. రెండువందల గ్రాములు పట్టినా కిలో పట్టినా అంతే. తూచి పోస్తే పట్టే సమయం తప్ప ఆయన చేతికి వచ్చేదేమీ లేదు. ఫ్లేర్ తీరుబడిగా తీసి, లీకు లేకుండా బిగిస్తే ఆ ఇంటివాళ్లు మళ్లీ పిలవరు. లీకు ఉంటే ప్రతి ఎండాకాలం పిలుస్తారు.

"నేను సరిగ్గానే బిగిస్తా అల్లుడా, పేరు పోకూడదని. కానీ సరిగ్గా బిగించినోనికి ఎవురన్నా రూపాయి ఎక్కువిచ్చినారా?"

కిగాలిలో దేశాలు కూర్చుని ఎవరు ఎంత గ్యాస్ కొనొచ్చో తేల్చుకున్నాయి. ఢిల్లీలో ఆ వాటాలు పంచుతారు. శ్రీసిటీలో ఏసీలు తయారు చేసేవాళ్లు తక్కువ వేడి గ్యాస్‌కు మారతారు. ఇవన్నీ మోడల్‌లో పట్టే సంగతులే, పట్టించాను కూడా. కారకుండా నిలిచిన గ్యాస్‌కు మాత్రం ఈ గొలుసులో ఎక్కడా ధర లేదు. గ్యాస్ అమ్మేవాడికి నష్టం, నింపేవాడికి నష్టం, ఇంటాయనకు ఆ సంగతే తెలియదు. లాభం భూమికి, ఆమె బిల్లు కట్టదు. నా ఐదు శాతం వెనక ఇంత బేరం ఉందని తెలియక, దాన్ని యంత్రం గుణమనుకున్నాను. అది మనుషుల కూలి లెక్క.

అందుకే ఇప్పుడు ఎవరైనా 2047 గురించి అడిగితే, గీత గీయడానికి ముందు నాకు ఒక అంకె కావాలంటున్నాను. లీకు లేకుండా బిగించిన మెకానిక్కుకు అదనంగా ఎంత ఇస్తారు? అదొకటి తేలేదాకా, ఎన్ని రంగుల్లో గీసినా, ఎన్ని దశాంశాలు వేసినా, నావి కాకి లెక్కలే.